హోషియా టాల్బర్ట్ ఏ ఒడ్డున పోయినట్టు?

చనిపోయే హక్కు మా రాష్ట్రంలో అందరికీ సమానంగా ఉంది. రంగు ఏదైనా, ఊరు ఏదైనా, ఎవరినీ ఎవరూ అడ్డుకోరు. అయితే చనిపోయినట్టు లెక్కలోకి రావడం హక్కు కాదు, అర్హత. ఆ అర్హతకు కనీసం పదిమంది కావాలి.

ఈ నియమం నేను కల్పించింది కాదు. రాష్ట్ర ప్రభుత్వంలోని గ్రామీణ సంఖ్యా గౌరవ విభాగం వారిది. నేను మాబ్రీ కౌంటీ వారపత్రికలో మరణవార్తలు రాస్తాను. పేరు డెలోయిస్. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మా పత్రికకు నాలుగే పేజీలు, జనం ముందుగా తిప్పేది నా పేజీనే. (సంపాదకీయం రాసే ఆయనకు ఈ సంగతి తెలుసు. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోం.) మహమ్మారి వచ్చిన ఆ శీతకాలం నా పేజీ రెండయింది. జనవరి కల్లా ఫుట్‌బాల్ వార్తలు తీసేసి ఆ చోటు కూడా నాకే ఇచ్చారు. అమెరికా దక్షిణాదిలో ఒక పత్రిక ఫుట్‌బాల్ వార్తలు తీసేసిందంటే ఎందరు పోయి ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు.

మా కౌంటీలో ఐదువేల చిల్లర మనుషులం. నలుగురిలో ముగ్గురం నల్లవాళ్లం. పత్తి పొలాలు, చేపల చెరువులు, పదకొండు చర్చిలు, ఒక ట్రాఫిక్ దీపం ఉన్నాయి. (ఆ దీపం రాత్రింబవళ్లు పసుపుపచ్చగా మిణుకుతుందే తప్ప ఏ నిర్ణయమూ తీసుకోదు.) ఆసుపత్రి కూడా ఉండేది. తొమ్మిదేళ్ల కిందట మూసేశారు. ఇప్పుడా భవనంలో టైర్లు అమ్ముతున్నారు. 'అత్యవసర విభాగం' అన్న బోర్డు మాత్రం తీయలేదు కనుక పంక్చరైన బండ్లకు మంచి వైద్యమే అందుతోంది. మనుషులు డెబ్బై ఎనిమిది మైళ్లు నగరానికి వెళ్లాలి.

మార్చి నెలలో రాష్ట్రం ఒక పథకం ప్రకటించింది. మహమ్మారిలో నల్లవాళ్లు తెల్లవాళ్లకంటే ఎక్కువగా, పల్లెవాళ్లు పట్నంవాళ్లకంటే ఎక్కువగా పోతున్నారన్న ప్రచారం ఒకవేళ నిజమే అయితే, ఆ తేడా రుజువైన కౌంటీకి 'సంచార సమన్యాయ వైద్యశాల'ను పంపుతారు. పెద్ద తెల్ల బస్సు. అందులో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఆక్సిజన్ సిలిండర్లు, టీకాలు. రుజువు చూపిన చోట ఆరు నెలలు ఉంటుంది. కావాల్సిందల్లా డిసెంబరు మొదటి తేదీ నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు పోయినవాళ్ల సంఖ్య.

సంఖ్యలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి కదా అని మేం సంతోషించాం.

మేం అంటే నేనూ, లూషియస్ మెరివెదర్ గారూ. మూడు తరాలుగా మా నల్లవాళ్ల అంత్యక్రియలన్నీ జరిపించేది వాళ్ల కుటుంబమే. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, ఒంట్లో చక్కెర జబ్బు. ఆగస్టులో కూడా నల్ల సూటు విప్పడు. పథకం సంగతి తెలిసిన ఉదయం జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, "డెలోయిస్, నీ దగ్గరెంతమంది?" అన్నాడు.

"ఈ జబ్బుతో మనవాళ్లు ముప్పై ఒక్కమంది" అన్నాను.

"నా దగ్గరా అంతే. నేను పూడ్చినవాళ్లూ నువ్వు రాసినవాళ్లూ సరిపోయారు. ఇక రాష్ట్రంవాళ్లు ఏమంటున్నారో చూడు."

గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూర్చుని రాష్ట్రం వాళ్ల పట్టిక తెరిచాం. మాబ్రీ కౌంటీ, నల్లవారి మరణాలు అన్న గడిలో అంకె లేదు. చిన్న నక్షత్రం గుర్తు ఉంది.

"ఇదేంటి, ఈగా?" అని మెరివెదర్ గారు తెరను వేలితో తుడిచాడు. నక్షత్రం కదల్లేదు.

పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వివరణ ఉంది. 'పది కంటే తక్కువ సంఖ్యలు, మరణించినవారి వ్యక్తిగత గోప్యత దృష్ట్యా, వెల్లడి చేయబడవు. పథకాల నిమిత్తం నక్షత్రమును సున్నాగా భావించవలెను.'

పక్క గడిలో తెల్లవారి మరణాలు. అక్కడా నక్షత్రమే. (వాళ్లు ముగ్గురు పోయారు. ముగ్గురి గురించీ నేనే రాశాను.) నక్షత్రానికి నక్షత్రం సమానం కాబట్టి, మా కౌంటీలో జాతుల మధ్య ఏ తేడా లేదని తేలింది. పటంలో మాకు లేతాకుపచ్చ రంగు వేశారు. ఆ వారమే అభినందన పత్రం కూడా వచ్చింది.

మెరివెదర్ గారు గ్రంథాలయం ఫోనులోంచే విభాగానికి ఫోన్ చేశాడు. ప్రెంటిస్ గూల్స్‌బీ అనే అధికారి ఎత్తాడు. మరణ స్థల సమన్వయాధికారి అట. గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. ఇలాంటివాళ్లతో పోట్లాడటం చాలా కష్టం.

"అయ్యా, మా నల్లవాళ్లే ముప్పై ఒక్కమంది పోయారు. మీరేమో నక్షత్రం పెట్టారు" అన్నాడు మెరివెదర్ గారు.

"అది గోప్యత కోసమండి. సంఖ్య చిన్నదైతే ఎవరెవరు పోయారో జనం పోల్చేసుకునే ప్రమాదం ఉంది."

"బాబూ, వాళ్ల ఫోటోలు చర్చి గోడకు అంటించాం. మొన్న ఆదివారం పేర్లన్నీ మైకులో చదివాం."

"అది మీ ఇష్టమండి. మా వైపు నుంచి మాత్రం ఎవరికీ తెలియనివ్వం."

"ఇంతకీ మీ లెక్కలో ఎంతమంది?"

"చెప్పకూడదండి." పాపం, మనసున్నవాడే. "కానీ ఇంకొక్కరుంటే మనం ఈ సంగతి మాట్లాడుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు."

మేం ఫోను పెట్టేసి నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. మధ్యాహ్నానికి విషయం అర్థమైంది. ముప్పై ఒక్కమందిలో పద్నాలుగుమంది నగరంలోని పెద్దాసుపత్రిలో పోయారు. ఎక్కడ పోతే అక్కడి లెక్క కనుక వాళ్లు నగరవాసులైపోయారు. (బతికున్నన్నాళ్లు వాళ్లకు నగరం బండి నిలుపుకునే చోటైనా ఇవ్వలేదు.) ఏడుగురు పరీక్ష చేయించుకోకుండా ఇంట్లోనే పోయారు. వాళ్ల కాగితాల మీద మా కౌంటీ కరోనర్, అంటే మరణ కారణం రాసే అధికారి, 'గుండె ఆగిపోవుట' అని రాశాడు. (కరోనర్ అనే పేరుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. అది ఎన్నికల్లో గెలిచే పదవి. మా కరోనర్‌కు పశువుల దాణా కొట్టు ఉంది.) పోయిన ప్రతివాడి గుండె ఆగే ఉంటుంది కనుక ఆ నిర్ధారణలో తప్పు పట్టడానికి లేదు. ఇక మిగిలిందల్లా, పక్క కౌంటీలో మంగళవారాలు మాత్రమే వేసే డేరాకు వెళ్లి పరీక్ష చేయించుకుని, ఫలితం వచ్చేదాకా ఓపికపట్టి, ఆ తర్వాత సొంత ఇంటికొచ్చి పోయినవాళ్లు. నియమాలను ఇంత శ్రద్ధగా పాటించినవాళ్లు మా కౌంటీలో తొమ్మిదిమందే తేలారు.

పద్నాలుగు, ఏడు, తొమ్మిది కలిపితే ముప్పై.

"ఒకరు మిగిలారు" అన్నాను.

"హోషియా" అన్నాడు మెరివెదర్ గారు.

హోషియా టాల్బర్ట్ ముప్పై నాలుగేళ్లు స్కూలు బస్సు నడిపాడు. మా కౌంటీలో నలభై ఐదేళ్ల లోపు వాళ్లలో ఆయన చేత 'కూర్చో' అని కేక వేయించుకోనివాళ్లు లేరు. మరణపత్రంలో స్థలం అన్న చోట ఆయనకు ఒకటే మాట రాశారు: 'రవాణాలో'. అంబులెన్సులో పోయాడు. రవాణా అనే కౌంటీ మా రాష్ట్ర పటంలో లేదు కాబట్టి ఆయన్ని ఎవరి లెక్కలోనూ వేయలేదు. అంబులెన్సు దారి మా కౌంటీలోనూ, ఏటి వంతెన దాటాక హాలిస్ కౌంటీలోనూ సాగుతుంది. హాలిస్‌లో సరస్సు, దాని చుట్టూ సెలవు ఇళ్లు, తెల్లవాళ్లు. ఆయన వంతెనకు అవతల పోయి ఉంటే హాలిస్‌లో పోయిన ఒకే ఒక నల్లవాడు. ఒకటి అంటే నక్షత్రం, నక్షత్రం అంటే సున్నా. వంతెనకు ఇవతల పోయి ఉంటే మాత్రం మాకు పదోవాడు, బస్సు వస్తుంది. ఒకే మనిషి ఒక ఒడ్డున ఏమీ కాడు, రెండో ఒడ్డున ఒక ఆసుపత్రి.

అంబులెన్సులో ఆయన పక్కన కూర్చున్నది భార్య వెర్నెల్ గారు.

ఆవిడకు డెబ్బై దాటాయి. చర్చిలో వచ్చినవాళ్లను వరుసల్లో కూర్చోబెట్టే బృందానికి పెద్ద. చేతులకు తెల్ల గ్లవ్సులు, నోట్లో అబద్ధం లేని మనిషి. ఎవరైనా కొత్త టోపీ పెట్టుకొచ్చి బాగుందా అని అడిగితే, "ఎండ తగలదులే" అంటుంది తప్ప బాగుందని అనదు. మేం వెళ్లేసరికి వరండాలో కూర్చుని ఉంది. ఆరడుగుల దూరంలో రెండు కుర్చీలు వేయించి, చెరొక ముక్క కేకు పెట్టించింది. మెరివెదర్ గారు నక్షత్రం సంగతి, పదోమనిషి సంగతి వివరించాడు. ఆవిడ మధ్యలో ఒక్కమాటా అడగకుండా విన్నది.

"అయితే మావారు ఏ ఒడ్డున పోయారని అడగడానికొచ్చారు" అన్నది.

"మీరేం చెప్పాలో మేం చెప్పం, వెర్నెల్ గారూ" అన్నాను.

"చెప్పకుండానే చెబుతున్నారు కదే పిల్లా. ఇద్దరూ కేకు ముట్టుకోలేదు."

మేం వెంటనే కేకు తిన్నాం.

"ఫోన్ చేసిన యాభై నిమిషాలకు బండి వచ్చింది" అని మొదలుపెట్టింది ఆవిడ. "నడిపింది హకబీ అని ఒక తెల్లబ్బాయి, మంచివాడే. వంతెన దాటాం. హాలిస్‌లో పదకొండు మైళ్లు పోయాక రేడియోలో చెప్పారు, మంచాల్లేవు, ఉన్నచోటే ఆగండి అని. రోడ్డు పక్కన చేపల ఎరలమ్మే కొట్టు ముందు ఆపాడు. నలభై నిమిషాలు. ఆ పిల్లాడు రేడియో పట్టుకుని బతిమాలుతూనే ఉన్నాడు. మావారికి కళ్లు సరిగా ఆనలేదు. 'వెర్నీ, ఇంకెంత దూరం?' అన్నారు. కొట్టు మీద ఎర్ర దీపాల బోర్డు వెలుగుతోంది. 'వచ్చేశాం, అదిగో ఆసుపత్రి' అన్నాను. 'మంచిది' అన్నారు. అంతే."

మెరివెదర్ గారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"బండి కదలనే లేదు" అన్నది ఆవిడ. "ఏమి రవాణా అది! తర్వాత రేడియోలో వెనక్కి వెళ్లమన్నారు. ఆయన్ని పక్కన పెట్టుకుని మళ్లీ వంతెన దాటి ఇంటికొచ్చాను."

అంటే అవతలి ఒడ్డే. మేం లేవబోయాం. అడిగినందుకు క్షమించమన్నాం.

"కూర్చోండి" అన్నది ఆవిడ, హోషియా గారిలాగే. "నలభై ఆరేళ్ల కాపురంలో ఆయనతో ఒక్క అబద్ధం ఆడాను. ఆ అబద్ధం వల్ల ఆయన ఆసుపత్రికి చేరాననుకుని పోయారు. ఇంకొకటి ఆడితే ఆ ఆసుపత్రి నిజంగానే ఇక్కడికి వస్తుందంటున్నారు. కాగితం ఏది?"

కాగితం పేరు ఫారం ఎనభై ఎనిమిది-జి, 'రవాణాలో మరణించిన వారి స్వస్థల పునరుద్ధరణకై అభ్యర్థన'. పద్నాలుగు పేజీలు. మూడో పేజీలో, మరణించిన వ్యక్తి విచారణకు హాజరు కాలేని పక్షంలో కారణం తెలుపమన్నారు. 'ఆరోగ్యం బాగాలేక' అని రాసింది వెర్నెల్ గారు.

ఏప్రిల్ రెండో వారంలో గూల్స్‌బీ స్వయంగా విచారణకు వచ్చాడు. పొట్టి మనిషి, నారింజ రంగు చొక్కా, రెండు మాస్కులు. చేతిలో దూరం కొలిచే చక్రం. వంతెనకు ఇవతల రోడ్డు పక్కన అందరం నిలబడ్డాం. మెరివెదర్ గారు మమ్మల్ని శవాల బండిలోనే తీసుకొచ్చాడు, ఆయనకున్న బండి అదొక్కటే. దారిన పోయే కార్లు మర్యాదగా వేగం తగ్గించి, లోపలివాళ్లు టోపీలు తీసి పోయారు. గూల్స్‌బీ కూడా ప్రతిసారీ తల వంచాడు.

"నిబంధన చాలా సులువండి" అన్నాడు. "మాట్లాడే వ్యక్తి జీవించి ఉన్నట్టు భావిస్తాం. ఆఖరి మాట ఎక్కడ అన్నారో ఆ కౌంటీయే ఆయన మరణించిన కౌంటీ. మరి ఆయన ఆఖరి మాట ఎక్కడ, ఏమన్నారో చెబుతారా?"

వెర్నెల్ గారు తెల్ల గ్లవ్సు వేసుకున్న వేలితో రోడ్డు పక్క పొలం చూపించింది. "ఇక్కడ. తిరుగు దారిలో. ఆ పొలం చూసి, 'జనవరి కూడా వచ్చేసింది, ఈ సోమరి వెధవ ఇంకా పత్తి మోళ్లు దున్నించలేదు చూడు' అన్నారు."

హోషియా గారు బతికుంటే సరిగ్గా అదే అనేవాడు.

గూల్స్‌బీ ఆవిడ వంక చాలాసేపు చూశాడు. ప్రార్థనో, ప్రేమమాటో చెప్పి ఉంటే అనుమానించేవాడే అనుకుంటాను. పత్తి మోళ్లను ఎవరు కల్పిస్తారు? ఫారం తెరిచాడు. ఆఖరి మాటలకు అందులో నాలుగు గడులున్నాయి. మతపరమైనవి, కుటుంబపరమైనవి, వైద్య సేవలపై ఫిర్యాదు, ఇతరములు.

"ఫిర్యాదు కాదు కదండీ? ఆ గడిలో టిక్కు పెడితే వేరే శాఖకు పోతుంది. వాళ్లు సెలవుల్లో ఉన్నారు."

"పొలం మీద ఫిర్యాదు" అన్నది ఆవిడ.

'ఇతరములు, వ్యవసాయ సంబంధమైన వ్యాఖ్య' అని రాసుకున్నాడు. వంతెన మొదలు నుంచి పొలం దాకా చక్రం దొర్లించాడు. నాలుగు వందల పన్నెండు అడుగులు ఇవతల. సంతకాలు పెట్టించుకుని, వెర్నెల్ గారికి సంతాపం తెలిపి, వెళ్లబోతూ ఆగి, "ఆ రైతు తర్వాతైనా దున్నించాడా అండీ?" అని అడిగాడు.

"దున్నించాడు" అన్నది ఆవిడ. అది నిజం.

తిరిగి వచ్చేటప్పుడు శవాల బండిలో ఆవిడ ఏడ్చింది. మెరివెదర్ గారు చేతిరుమాలు ఇచ్చాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఐదారు ఉంటాయి.

పదకొండు రోజులకు పట్టికలో నక్షత్రం పోయి, పది అన్న అంకె వచ్చింది. గ్రంథాలయంలో ముగ్గురం కంప్యూటరు ముందు నిలబడి చూశాం. పది. నల్లగా, లావుగా. పక్కన తెల్లవారి గడిలో నక్షత్రం అలాగే ఉంది. చివరికి తేడా రుజువైంది. నాకు తెలిసి మనుషులు పోయినట్టు రుజువైనందుకు జనం ఒకరినొకరు మోచేతులు తాకించుకుని సంబరపడటం అదే మొదటిసారి.

మర్నాడు విభాగంవారు పత్రికా ప్రకటన విడుదల చేశారు. మాబ్రీ కౌంటీలో నల్లవారి మరణాలు ఒక్కరోజులో సున్నా నుంచి పదికి పెరిగాయని, ఇది రాష్ట్ర చరిత్రలోనే అత్యంత వేగవంతమైన విజృంభణ అని, కౌంటీవాసులు చేతులు కడుక్కోవాలని అందులో ఉంది. నగరంలోని టీవీవాళ్లు మా ట్రాఫిక్ దీపం చూపించారు. పటంలో మా రంగు ముదురు ఎరుపైంది.

ఆ వెనుకే గూల్స్‌బీ నుంచి వెర్నెల్ గారికి ఫోను. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"మీ కౌంటీకి వైద్యశాల మంజూరైందండి" అన్నాడు.

"దేవుడి దయ."

"కానీ పంపడానికి వీల్లేదండి. ఒక్కరోజులో పదిమంది పోయిన చోటికి సిబ్బందిని పంపకూడదని భద్రతా నియమం. సంఖ్య పదికి లోపుంటే అభ్యంతరం లేదు." గొంతు తగ్గించాడు. "నేనొకటి అడుగుతానండి, ఏమీ అనుకోకండి. ఆ పత్తి మాట... మీవారు వంతెనకు అవతలేమైనా అన్నారేమో, ఒకసారి గుర్తు చేసుకుంటారా?"

వెర్నెల్ గారు ఫోను చెవి దగ్గర నుంచి తీసి, దాని వంక చూసి, మళ్లీ పెట్టుకుంది.

"నాయనా, ఆయన్ని ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు నేను మోసుకొచ్చాను. నా ఆత్మను తాకట్టు పెట్టి మోసుకొచ్చాను. ఇక ఆయన కదలరు."

"అర్థమైందండి" అన్నాడు గూల్స్‌బీ. నిజంగానే అర్థమైందేమో. ఆ తర్వాత ఆయన్ని అక్కడి నుంచి గూడ్సు బండ్ల తూకాల విభాగానికి మార్చారని విన్నాం.

మే మొదటి వారంలో మెరివెదర్ గారికి దగ్గు మొదలైంది. డేరాకు వెళ్దాం పదండి అన్నాను. "మంగళవారం రానీ" అన్నాడు. ఆదివారం పొద్దున తన ఇంట్లో, తన కుర్చీలో, సూటులోనే పోయాడు. కరోనర్ వచ్చి గుండె ఆగిందని రాశాడు. మా వాళ్లందరినీ పూడ్చిన మనిషిని ఎవరు పూడ్చాలో కాసేపు ఎవరికీ తోచలేదు. చివరికి హాలిస్ నుంచి తెల్లవాళ్ల అంత్యక్రియలు జరిపించే దుకాణం మనిషి వచ్చాడు. వెర్నెల్ గారు శవపేటిక పక్కన నిలబడి, ఆయన నోటుపుస్తకం తీసుకుని, ఫిబ్రవరి తర్వాతి పేర్ల కింద ఆయన పేరు రాసింది. ఇంటిపేరు అక్షరాలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది.

నా పేజీలో ఆయన గురించి రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. చేతులు చాలా మెత్తనివని రాశాను. ఇంకేం రాయాలో తెలియలేదు.

మంజూరైన వైద్యశాలను ఊరికే ఉంచడం పద్ధతి కాదు కనుక హాలిస్ కౌంటీకి పంపారు. అక్కడ నల్లవారి మరణాలు సున్నా కాబట్టి సిబ్బందికి పూర్తి భద్రత. సరస్సు ఒడ్డున చెట్లనీడలో నిలిపారు. ఆ సంగతి తెలిసి వెర్నెల్ గారు చర్చి వ్యాను తాళాలు అడిగింది.

"మీకు నడపడం వచ్చా?" అన్నాను.

"స్కూలు బస్సు డ్రైవరుతో నలభై ఆరేళ్లు కాపురం చేశాను. ఎక్కు."

పద్నాలుగుమంది ఎక్కాం. అందరికంటే చిన్న నాకే యాభై ఒకటి. ఎరల కొట్టు దగ్గరికొచ్చేసరికి ఆవిడ వేగం తగ్గించలేదు, అటు చూడలేదు కూడా. వైద్యశాల బస్సు దగ్గర వరుస లేదు. చల్లటి గాలి, మడత కుర్చీలు, కూలర్ నిండా నిమ్మరసం సీసాలు. ఒక కుర్ర నర్సు నవ్వుతూ ఎదురొచ్చింది. పేరు కెయిట్లిన్ అని బిళ్ల మీద ఉంది.

"రండి రండి! పొద్దుటి నుంచీ ఒక్కరూ రాలేదు. ముందు డ్రైవింగ్ లైసెన్సులు చూపిస్తారా?"

పద్నాలుగు లైసెన్సులు చూసింది. నవ్వు కొంచెం తగ్గింది.

"ఇవన్నీ మాబ్రీవి కదండీ. ఇది హాలిస్‌వాళ్లకే. నాకు వేయాలనే ఉంది, నిజంగా. కంప్యూటరు ఒప్పుకోదు."

"టీకాలున్నాయా లోపల?" అడిగింది వెర్నెల్ గారు.

"ఫ్రిజ్ నిండా ఉన్నాయి. గురువారానికి గడువు తీరిపోతుంది, పారేయాలి."

"మరి మాకు వేస్తే?"

"పారేయడానికైతే గడి ఉందమ్మా" అన్నది ఆ పిల్ల చిన్నగా. కళ్లు తడిసినట్టున్నాయి. "మీకు వేయడానికి లేదు."

ఎవరమూ అరవలేదు. ఎండలో పదకొండు గంటలప్పుడు, మంచి బట్టలు వేసుకుని, ఎడమ చొక్కా చేతులు పైకి మడుచుకుని, పద్నాలుగుమందిమి నిలబడ్డాం. ఆ తర్వాత ఒక్కొక్కరం చొక్కా చేతులు కిందికి దించుకున్నాం. నర్సు తలా ఒక నిమ్మరసం సీసా ఇచ్చింది. దానికి లైసెన్సు అక్కర్లేదట.

వెళ్లబోతుంటే మళ్లీ పిలిచింది. టీకా వేయించుకోకుండా వెనుదిరిగే ప్రతివారి పేరూ కంప్యూటరులో ఎక్కించాలట, నియమం. ఏ గడిలో అని అడిగాను. తెర నావైపు తిప్పింది. రెండే గడులున్నాయి. ఒకటి 'టీకా పొందినారు'. రెండోది 'నిరాకరణ'.

"ఎవరు ఎవరిని నిరాకరించినట్టు?" అన్నది వెర్నెల్ గారు.

"అది కంప్యూటరు అడగలేదమ్మా" అన్నది నర్సు. పద్నాలుగు పేర్లూ ఎక్కించింది. వెర్నెల్ గారు తన పేరు అక్షరం అక్షరం చెప్పి రాయించింది.

జూన్‌లో విభాగంవారి నివేదిక వచ్చింది. ఈసారి మా సంఖ్య దాచలేదు. సంచార వైద్యశాల గడప దాకా వచ్చిన మాబ్రీ కౌంటీ నల్లవారిలో నూటికి నూరుమంది టీకాను నిరాకరించారని, పల్లెల్లో మరణాలు ఎక్కువగా ఉండటానికి వైద్యంపై అపనమ్మకమే ప్రధాన కారణమని అందులో తేల్చారు. మాలో నమ్మకం పెంచడానికి నగరం నుంచి ఒక నిపుణుడిని నియమించారు. మా కౌంటీ ఇప్పటికీ ప్రమాదకర జాబితాలో ఉన్నందున ఆయన రాడు, రెండు గంటల వీడియో పంపుతాడు. ఉపన్యాసం పేరు 'మీరెందుకు రావడం లేదు?'